రెండు గంటల ఇరవై నిమిషాలు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఊపిరాడకుండా ఇరుక్కున్న మేడ ఒకటుంది. దాని రెండో అంతస్తులో ఒక విమానం టికెట్ల ఆఫీసు. ఆఫీసంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. రెండు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, గోడకి ఒక ప్రపంచ పటం, ఆ పటం కింద జోగారావు. ముప్ఫై ఏళ్ళుగా అదే చోట. కుర్చీలు మారాయి, కంప్యూటర్లు మారాయి, జోగారావు మారలేదు. జుట్టు మాత్రం కాస్త వెనక్కి జరిగింది.

ఆయనకో గర్వం ఉంది. ఏ ఊరికైనా దూరం, విమానం గాల్లో ఉండే సమయం కంప్యూటర్ వైపు చూడకుండా చెప్పేస్తాడు. దుబాయా? నాలుగు గంటలు. సింగపూరా? నాలుగున్నర. లండనా? పదిన్నర, గాలి ఎదురొస్తే ఇంకో పావుగంట కలుపుకోండి. గుంటూరు నుంచి కోచింగ్‌కొచ్చిన కుర్రకారు సరదాకి మెట్లెక్కి వచ్చి, నోటికొచ్చిన ఊరి పేరల్లా అడిగి, జవాబు ఫోన్లో సరిచూసుకుని, "భలే అంకుల్!" అని వెళ్ళిపోయేవారు. ఆ రోజంతా జోగారావు నేల మీద నడిచేవాడు కాదు.

రాహుకాలం లేని విమానం చూడమని అడిగేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని చూస్తే ఆయనకి నవ్వు. "విమానానికి రాహువేంటండీ బాబూ! మీరు గడప దాటేటప్పుడు చూసుకోండి, అది గాల్లోకి లేచేటప్పుడు కాదు" అని ఆటపట్టించేవాడు. వాళ్ళు మెట్లు దిగాక మాత్రం సొరుగు లాగి, కాగితాల అడుగున దాచిన పంచాంగం తీసి, వాళ్ళు వెళ్ళే దిక్కుకి ఆ రోజు ప్రయాణం పనికిరాని శూల ఉందో లేదో చూసేవాడు. ఉంటే మనసు పీకేది. ఇలాంటి మనిషినేమంటారు? పైకి నవ్వుతాడు, లోపల వణుకుతాడు.

ఆ గోడ మీది పటంలో బంగాళాఖాతం మధ్య నీలిసిరా చుక్క ఒకటుంది. పోర్ట్ బ్లెయిర్. ఇప్పుడు ఆ ఊరికి కొత్త పేరు పెట్టారు గానీ జోగారావు నోటికి పాత పేరే. హైదరాబాద్ నుంచి పదహారు వందల అరవై కిలోమీటర్లు. విమానంలో రెండు గంటల ఇరవై నిమిషాలు. అక్కడ ఆయన అక్క హైమవతి ఉంటుంది. ప్రపంచంలో సగం ఊళ్ళకి జనాన్ని పంపించిన జోగారావు, ఆ చుక్క దగ్గరికి ఒక్కసారంటే ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదంటే సీజననేవాడు, ఆఫీసు ఎవరు చూస్తారనేవాడు, వానలనేవాడు. అన్నీ అబద్ధాలే. అసలు సంగతి ఆయన తొమ్మిదేళ్ళ వయసులో జరిగింది.

అప్పుడు వాళ్ళుండేది విశాఖపట్నం పాతూళ్ళో. అక్కకి పంతొమ్మిది. పెళ్ళికొడుకు వీర్రాజు పోర్ట్ బ్లెయిర్‌లో కర్రల మిల్లులో పని చేసేవాడు. పెళ్ళయిన పదోరోజే ప్రయాణం. ఓడ సోమవారం బయల్దేరుతుంది. సోమ, శనివారాలు తూర్పుకి శూల. శూలకెదురు వెళ్ళకూడదంటారు, ఓడేమో మన కోసం ఆగదు. అందుకని పెద్దవాళ్ళు ఒక ఉపాయం పెట్టుకున్నారు, దాన్నే ప్రస్థానం అంటారు. మంచి గడియ ఉన్నప్పుడే ప్రయాణం సంచి తీసుకెళ్ళి, వెళ్ళే దిక్కున ఇంకొకరింట్లో పెట్టేస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. అసలు బయల్దేరే రోజున వెళ్తూ వెళ్తూ ఆ సంచి అందుకుని పోవడమే. ఒకటే షరతు: పెట్టిన సంచిని మళ్ళీ ఇంట్లోకి తేకూడదు.

ఆదివారం పొద్దున్న అక్క గుడ్డ సంచిలో చీర, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు పెట్టి తూర్పు వైపు అప్పలనరసమ్మ గారింట్లో ఉంచి వచ్చారు. మధ్యాహ్నం అందరూ భోజనాల హడావిడిలో ఉండగా జోగారావు అనే తొమ్మిదేళ్ళ ఘనుడు ఆ ఇంట్లోకి దూరి, సంచి చంకన పెట్టుకుని తెచ్చేసి, తమ ఇంట్లో మంచం కింద దాచేశాడు. సంచి ఇంటికొస్తే ప్రయాణం ఆగిపోతుందని వాడి తెలివి. ప్రయాణం ఆగలేదు. సోమవారం ఓడ టైముకి సంచి కనబడక ఇల్లంతా గోల. మంచం కింద దొరికింది. అమ్మ వీపు విమానం మోత మోగించింది. అక్క అడ్డమొచ్చి, తమ్ముణ్ణి వెనక్కి లాక్కుని, ఏమీ మాట్లాడకుండా ఏడుస్తూ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. అపశకునమైపోయిందని ఏడ్చింది కాబోలనుకున్నాడు జోగారావు.

రెండో ఏడు తిరక్కుండానే వీర్రాజు బావ జ్వరంతో పోయాడు. అక్క ఒళ్ళో మూడు నెలల హరిణి. ఉత్తరం చదివించుకున్న అమ్మ నేల మీద కూలబడి, ఎదురుగా నిలబడ్డ కొడుకుని చూసి, "ఆ సంచి వెనక్కి తెచ్చీవు కదరా" అంది. ఒక్కసారే అంది. దుఃఖంలో ఏదో అంది, మర్నాటికి తనే మర్చిపోయింది. జోగారావు మాత్రం నలభై తొమ్మిదేళ్ళు మర్చిపోలేదు.

అక్క తిరిగి రాలేదు. అక్కడే తెలుగువాళ్ళ పేటలో ఇడ్లీలమ్మి హరిణిని పెంచింది. తమ్ముడి పెళ్ళికొచ్చింది, అమ్మ పోయినప్పుడొచ్చింది, పదకొండేళ్ళ కిందట చివరిసారి వచ్చి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ జోగారావు పొద్దున్నే ఆఫీసుకి పారిపోయేవాడు. ఎదురుగా కూర్చుని అడగాల్సిన మాట ఒకటుంది మరి. "అక్కా, నీ బతుకు నేనే పాడుచేశానా?" ఆ మాట గొంతుదాకా వచ్చేది, బయటికి రాలేదు. ఫోన్లో మాత్రం, "ఏటిరా జోగీ, ఈ ఏడైనా వొస్తావా, మళ్ళీ ఎగ్గొడతావా?" అని ఆవిడ, "వస్తానక్కా, ఎంతసేపు, రెండు గంటల ఇరవై నిమిషాలు" అని ఈయన. ఏడాదికి నాలుగుసార్లు ఇదే పాట.

మొన్న శుక్రవారం సాయంత్రం హరిణి ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మకి గుండె బాగా నీరసించిపోయింది. ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరు ఏమీ గట్టిగా చెప్పడం లేదు. అమ్మ నిన్ను చూడాలంటోంది" అని ఊరుకుంది. ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల అది.

జోగారావు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. శనివారం సీటుంది. శనివారం తూర్పుకి శూల. ప్రస్థానం పెడదామంటే శుక్రవారం మంచి గడియ అప్పటికే దాటిపోయింది. ఆదివారం విమానం నిండిపోయింది. సోమవారం పొద్దున్న తొమ్మిదీ యాభైకి సీటుంది. సోమవారమూ శూలే, కానీ ఆదివారం ప్రస్థానం పెట్టుకోవచ్చు. శనివారం సీటు మీద చెయ్యి పెట్టాడు, తీశాడు. సోమవారం కొన్నాడు. జనం కోసం ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొన్న చెయ్యి, తన కోసం కొనేటప్పుడు ఇంత తప్పు చేసింది.

ఆదివారం పొద్దున్న అక్కతో మాట్లాడించింది హరిణి. గొంతు పీలగా ఉంది. "ఎప్పుడు దిగుతావురా?" అంది హైమవతి.

"రేపు పన్నెండూ పదికి దిగిపోతానక్కా. ఒంటిగంటకల్లా నీ పక్కనుంటాను. నిన్ను ఒక మాట అడగాలి."

"అడుగుదువుగానిలే. రా ముందు."

అప్పుడే ఫోన్లో అడిగేసి ఉంటే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. కానీ ఇలాంటి మాట ఎదురుగా అడగాలనుకున్నాడు జోగారావు, కాళ్ళ దగ్గర కూర్చుని.

జోగారావు వాళ్ళుండేది పంజాగుట్ట సందుల్లో ఒక మూడంతస్తుల ఇంట్లో. తూర్పు వైపు నాలుగిళ్ళవతల మొగిలయ్య, సీతాబాయి ఉంటారు. మొగిలయ్య ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, జనగామ దగ్గరివాళ్ళు. ఆదివారం ఎనిమిదింపావుకి జోగారావు గోధుమరంగు చేతిసంచి పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు. రెండు చొక్కాలు, ఒక పంచె, అక్కకి నేత చీర, మాడుగుల హల్వా డబ్బా. పైన పసుపు బొట్టు.

"ఒక్క రోజు మీ ఇంట్లో ఉండనివ్వండి సీతాబాయి గారూ. రేపు పొద్దున్నే ఆరున్నరకి అందుకుని పోతాను."

"అయ్యో, గదేం భాగ్యమన్నా! దేవుని అర్ర పక్కన పెడ్త. అక్కను మంచిగ చూస్కొని రా" అంది సీతాబాయి.

ఇంటికొచ్చాక భార్య సత్యవేణి, "ఆధార్ కార్డూ అవీ అందులో పెట్టలేదు కదా?" అని అడిగింది. జోగారావు జేబు తట్టి చూపించాడు. ముప్ఫై ఏళ్ళ వృత్తి, ఆ మాత్రం తెలీదా? ఈ విషయం గుర్తుంచుకోండి. కార్డు జేబులో ఉంది, టికెట్ ఫోన్లో ఉంది, మనిషి గట్టిగా ఉన్నాడు. విమానం ఎక్కడానికి ఇంకేమీ అక్కర్లేదు.

సోమవారం ఆరున్నరకి క్యాబు సందు మొదట్లో ఆగింది. జోగారావు నాలుగిళ్ళవతలికి నడిచి వెళ్ళేసరికి మొగిలయ్య ఇంటికి తాళం. చిన్న తాళం కూడా కాదు, గుప్పెడంత. పక్కింటావిడ వాకిలి ఊడుస్తూ, "తెల్లారకముందే ఉరికిండ్రు సార్. సీతాబాయి తమ్ముడు సీరియస్సంట" అంది.

మొగిలయ్యకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. క్యాబువాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. సత్యవేణి వెనకే వచ్చింది.

"వెళ్ళిపోండి" అంది.

"సంచీ..."

"సంచిలో ఏముందండీ? రెండు చొక్కాలు! అక్కడ దొరకవా చొక్కాలు? హల్వా తినే స్థితిలో ఉందా వదిన? వెళ్ళండి ముందు."

"ప్రస్థానం పెట్టి, అది వదిలేసి పోతే ప్రయాణం ఫలించదు సత్యా."

"ఏ శాస్త్రంలో రాసుంది?"

ఏ శాస్త్రంలోనూ రాసిలేదు. నలభై తొమ్మిదేళ్ళ కిందట అమ్మ అన్న ఒక మాటలో రాసుంది. ఆ సంగతి ఆయన ఇంతవరకూ భార్యకి కూడా చెప్పలేదు. ఇప్పుడు వీధిలో నిలబడి ఎలా చెప్తాడు? ఒకసారి సంచి జోలికెళ్తే బావ పోయాడు. మళ్ళీ తన సంచి వల్ల అక్కకేమైనా అయితే? ఈ ఆలోచన ఒకటి బుర్రలో దూరింది, ఇంక కాళ్ళు కదల్లేదు.

ఏడుంబావుకి మొగిలయ్యే తిరిగి ఫోన్ చేశాడు. వెనకాల ఏడుపులు వినబడుతున్నాయి. "అన్నా, నా బామ్మర్ది పోయిండన్నా. నీ సంచి మతికి లేకపాయె, మాఫ్ చెయ్యి. ఒక పని చెయ్, తాళం పలగొట్టు. ఫికర్ చెయ్యకు, నేనే చెప్తున్న గద. మీ అక్క కాడికి పో."

ఇంకా టైముంది. పొద్దున్నపూట ఆ రోడ్డు మీద గంటలో ఎయిర్‌పోర్ట్ చేరొచ్చు. తాళం పగలగొట్టడానికి రెండు నిమిషాలు. జోగారావు ఏమన్నాడో తెలుసా? "ఛ ఛ, మీరు దుఃఖంలో ఉంటే మీ ఇంటి తాళం పగలగొట్టడమేంటి మొగిలయ్య గారూ! సాయంత్రం వచ్చాకే తీసుకుంటాను" అన్నాడు. మర్యాద! పైగా మనసులో ఇంకో లెక్క: ప్రస్థానం సంచిని తాళం పగలగొట్టి తీస్తే అదెంత అపశకునం! మంగళవారం తూర్పుకి శూల లేదు కూడాను. ఫోన్లో టికెట్ మర్నాటికి మార్చేసుకున్నాడు. అంతా మన మంచికేనని తనకి తనే చెప్పుకున్నాడు.

సత్యవేణి క్యాబువాణ్ణి పంపేసి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ ఏమైనా అంటే బావుండుననిపించింది జోగారావుకి.

హరిణికి ఫోన్ చేశాడు. "రేపొస్తానమ్మా. సంచి ఒకరింట్లో ఇరుక్కుపోయింది. అక్కకెలా ఉంది?"

"నిన్నటిలాగే ఉంది మామయ్యా. సరే, రేపు మాత్రం తప్పకుండా" అని పెట్టేసింది.

ఆ రోజు పొద్దు గడవడం ఎంత కష్టమైందో! ఊరెళ్తున్నానని ఆఫీసులో చెప్పాడు కాబట్టి అమీర్‌పేటకి వెళ్ళలేడు. హాల్లో కుర్చీలో కూర్చుని గడియారం చూస్తూ ఉండిపోయాడు. తొమ్మిదీ యాభై అయింది. విమానం లేచి ఉంటుంది. పదకొండున్నర. సముద్రం మీదుంటుంది. పన్నెండూ పది. దిగి ఉంటుంది. మూడింటికి అదే విమానం జనాన్ని ఎక్కించుకుని హైదరాబాద్‌కి తిరిగి కూడా వచ్చేసింది. వెళ్ళవలసినవాడు మాత్రం పంజాగుట్టలో, అరుగు దాటకుండా, ఉన్నచోటే ఉన్నాడు.

సాయంత్రం ఆరింటికి మొగిలయ్య దంపతులు ఆటో దిగారు. సీతాబాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తాళం తీసి సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి, జోగారావు మొహంలోకి చూసింది.

"అన్నా, గీ సంచి కోసం ఆగినవా? అక్క కాడికి పోకుండ?"

జోగారావు తల దించుకున్నాడు. అప్పుడు కనబడ్డాయి ఆవిడ పాదాలు. చెప్పుల్లేవు. మడమలకి ఎర్రమట్టి ఎండిపోయి ఉంది.

"ఫోన్ రాంగనే ఉరికినం. చెప్పులు సుత తొడుక్కోలె" అంది ఆవిడ, ఆయన చూపు చూసి. "గట్ల ఉరికితే ఆఖరిసారి నోట్ల నీళ్ళు పోసిన. అక్కా అన్నడు. గంతే." కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జోగారావుకి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ క్షణంలోనే విమానం ఉంటే వట్టి చేతులతో ఎక్కేసేవాడు. కానీ ఆ ద్వీపానికి విమానాలన్నీ పగటిపూటే, సాయంత్రం ఏదీ లేదు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అంత సిగ్గుపడ్డవాడు కూడా సంచిని ఇంటికి తేలేదు, చూడండి. ఆ రాత్రికి దాన్ని సీతాబాయి గుమ్మం పక్కనే ఉంచాడు. భయం అంత తేలిగ్గా వదులుతుందా?

మంగళవారం ఆరున్నరకి సంచి తీసుకుని క్యాబెక్కాడు. డ్రైవరు పేరు సురేందర్, నలభై దాటినవాడు, కబుర్ల మనిషి. పంజాగుట్ట చౌరస్తా దాటి బంజారాహిల్స్ రోడ్డెక్కగానే, "ఎయిర్‌పోర్టుకి గంటల చేరుస్త సార్, ఈ టైంల మస్తు ఖాళీ ఉంటది" అన్నాడు. జోగారావు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కని అడగాల్సిన మాట మనసులో మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటున్నాడు. అక్కా, నీ బతుకు నేనే పాడుచేశానా?

మాసబ్ ట్యాంక్ సిగ్నల్ దగ్గర ఫోన్ మోగింది. హరిణి.

"మామయ్యా" అంది. ఆ ఒక్క పిలుపుతోనే అర్థమైపోయింది. "అమ్మ వెళ్ళిపోయింది మామయ్యా. ఐదున్నరకి. ఇక్కడ ఐదింటికే తెల్లారిపోతుంది కదా, కిటికీ తెరవమంది. ఎండ చూసింది. తర్వాత కాసేపటికే."

గ్రీన్ సిగ్నల్ పడింది. వెనకాల బళ్ళు హారన్లు కొడుతున్నాయి. జోగారావు ఫోన్ చెవికి ఆనించుకుని, "సంచి... సంచి వల్లేనమ్మా. ఈసారి కూడా సంచి వల్లే" అన్నాడు. ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియడం లేదు. "చిన్నప్పుడు మీ అమ్మ సంచి నేనే వెనక్కి తెచ్చాను. మీ నాన్న అందుకే పోయాడు. నిన్న సంచి లేకుండా వస్తే మళ్ళీ ఏమవుతుందోనని భయపడ్డాను హరిణీ. క్షమించమని అడుగుదామనుకున్నాను. అడక్కుండానే..."

"మామయ్యా, ఆగు" అంది హరిణి. ఏడుస్తూనే అంది. "నిన్న నువ్వు రావడం లేదని అమ్మకి చెప్పాల్సొచ్చింది. తొమ్మిదీ యాభై నుంచి నా వాచీ చేతిలో పట్టుకుని కూర్చుంది. బయల్దేరాడు, సముద్రం మీదున్నాడు, దిగుతున్నాడు అని లెక్కపెట్టుకుంటోంది. పన్నెండూ పది దాకా నాకు చెప్పడానికి నోరు రాలేదు. సంచి ఎవరింట్లోనో ఉండిపోయిందట, దాని కోసం ఆగిపోయాడట అని చెప్పాను. కోప్పడుతుందేమో అనుకున్నాను. నవ్వింది మామయ్యా. వారం నుంచి నవ్వని మనిషి నవ్వింది."

"నవ్విందా?"

"సంచి కథంతా నాకు నిన్ననే చెప్పింది. ఇంటిల్లిపాదీ తనని ఓడెక్కించడానికి తొందరపడిపోయారట. సముద్రం అవతలికి, ముక్కూమొహం తెలీని ఊరికి వెళ్తోందన్న దిగులు ఎవరికీ లేదట. తను వెళ్ళకూడదనుకున్నవాడు నువ్వొక్కడివేనట. మంచం కింద సంచి దొరికినప్పుడు సంతోషానికి ఏడుపొచ్చిందంది. ఇక్కడ ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ, నన్ను వెళ్ళొద్దన్నవాడొకడున్నాడు అనుకునే బతికానంది. ఆ గుడ్డ సంచి ఇప్పటికీ అమ్మ పెట్టెలో ఉంది మామయ్యా. చిరుగులు కుట్టి దాచుకుంది."

జోగారావు నలభై తొమ్మిదేళ్ళు నేరమనుకుని దాక్కున్నాడు. దాక్కున్నది ఎవరి దగ్గర్నుంచి? ఆ పని చేసినందుకే తనని ప్రాణంగా చూసుకున్న మనిషి దగ్గర్నుంచి.

"నీకు చెప్పమంది కూడా" అంది హరిణి. "ఆ వెధవ సంచి అక్కడ పారేసి రమ్మనవే వాణ్ణి, నాకు వాడు చాలు అంది. రాత్రే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. పొద్దున్నే వచ్చేస్తావు కదా, అమ్మ నోటితోనే వింటావులే అని ఊరుకున్నాను. నాదే తప్పు."

"నీది కాదు తల్లీ" అన్నాడు జోగారావు. "నీ తప్పేమీ లేదు. వస్తున్నాను. నేనొచ్చేదాకా ఉంచండి."

ఫోన్ పెట్టేశాడు. సురేందర్ అద్దంలోంచి చూశాడు. బండి రోడ్డు పక్కకి తీసి ఆపి, నీళ్ళ సీసా వెనక్కి అందించాడు. "సార్, ఏమైంది సార్? ఎవరన్నా పోయిండ్రా?"

"మా అక్క."

"అయ్యో. ఇగ ఎయిర్‌పోర్టుకే పోవాల్నా సార్, ఇంటికి వాపస్ పోవాల్నా?"

"ఎయిర్‌పోర్టుకే పోనీ బాబూ."

బండి కదిలింది. మెహదీపట్నం దాటి పొడుగాటి ఫ్లైఓవర్ ఎక్కాక సురేందర్ మెల్లగా అడిగాడు. ఓదార్పుగా ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడంతే. "అక్క ఉండే ఊరు మస్తు దూరమా సార్? శానా సేపు పడ్తదా పోనీకి?"

దూరాలు అడిగితే జోగారావు తడుముకున్నది లేదు. పదహారు వందల అరవై కిలోమీటర్లు. రెండు గంటల ఇరవై నిమిషాలు. మనిషి పొద్దున్న టిఫిన్ తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్క పక్కన కూర్చోవచ్చు. పదకొండేళ్ళలో ఏ రోజైనా కూర్చోవచ్చు. నిన్న కూడా.

"దూరం కాదు బాబూ" అన్నాడు. "అసలు దూరమే కాదు."

ఎంతసేపో చెప్పబోయాడు. ముప్ఫై ఏళ్ళుగా అందరికీ టకటకా చెప్పిన ఆ రెండు అంకెలు నోటికి రాలేదు. ఒళ్ళో ఉన్న సంచిలో మొహం పెట్టుకుని, మంచం కింద సంచి దాచిన తొమ్మిదేళ్ళ పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.